చెట్టు వాటా

మొన్న మా తామ్వే పేట బజారులో కూరలు తీసుకుని వస్తుంటే, తోటకూర అమ్మే ఆవిడ పక్కన ఎవరో కొత్త మనిషి కూర్చుని కనిపించింది. ముందర అరటాకు, ఆకు మీద తెల్లగా చిన్న కుప్ప. దూరం నుంచి ఉడికించిన నూకలు కాబోలు అనుకున్నాను. దగ్గరికి వెళ్ళేసరికి నూకల మధ్య ఎర్రగా ఏదో కదులుతోంది. చెట్ల మీద పచ్చి ఆకులు దగ్గరికి లాగి కుట్టి గూళ్ళు కట్టుకుంటాయే, ఆ ఎర్రచీమలూ వాటి గుడ్లూ. బర్మావాళ్ళు ఖాజిన్ అంటారు. ఉల్లిపాయా పచ్చిమిరపకాయా సన్నగా తరిగి కలుపుకుని ఇష్టంగా తింటారు. ఆ కుప్ప మీంచి నిమ్మచెక్క పిండినట్టు పుల్లటి వాసన ముక్కుకి తగిలింది. ఆ కొత్తావిడ ఆకు పొట్లం చేతిలోకి తీసుకుని ఎంత ఇమ్మంటావని అడిగింది. నేను ఏమీ వద్దని తల ఊపి, కొనాల్సిన కొత్తిమీర కూడా మరిచిపోయి ఇంటికి వచ్చేశాను. దారి పొడుగునా మా మావయ్యే కళ్ళ ముందు ఉన్నాడు.

ఆయన మా అమ్మకి అన్న. పోర్టులో పని చేసి రిటైరయ్యాడు. ఓడ లోపలి నుంచి సరుకు పైకి తీసేటప్పుడు, క్రేన్ నడిపేవాడికి లోపల ఏముందో కనబడదు. డెక్కు అంచున ఒక మనిషి నిలబడి చేత్తో సైగలు చేస్తుంటాడు. ఎత్తమంటే హబీసు, దించమంటే ఆరియా. మా తాతలు కూలికి ఓడల్లో బర్మా వచ్చిన కాలం నుంచీ రేవులో నడిచిన మాటలవి, ఏ దేశానివో ఎవరికీ తెలియదు. మా మావయ్య జన్మంతా ఆ సైగల మనిషిగానే గడిపాడు. రిటైరయ్యాక కూడా చెయ్యి ఊరుకునేది కాదు. నేను అటక మీంచి బిందె దించుతున్నా, పక్కింటివాళ్ళు గోడ మీంచి నిచ్చెన అందుకుంటున్నా, ఎక్కణ్ణుంచో వచ్చి ఎదురుగా నిలబడి అరచెయ్యి కిందికి మెల్లగా ఆడించేవాడు. ఆయన లేకపోతే లోకంలో బిందెలన్నీ నెత్తిన పడిపోతాయన్నట్టు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, దించేవాడు కుదరలేదని చెప్పి తప్పించుకునేవాడు.

మా ఇల్లు తామ్వేలో ఒక సందు చివర ఉండేది. కర్ర ఇల్లు, పైన రేకులు. కింద నేనూ అమ్మా, పైన మావయ్యా. మా నాన్న నా చిన్నప్పుడే పోతే అమ్మ నన్ను తీసుకుని పుట్టింటికే వచ్చేసింది. నేను పిల్లలకి ట్యూషన్లు చెప్పుకుంటూ అక్కడే స్థిరపడిపోయాను. ఇంటి వెనక కొంచెం ఖాళీ స్థలం, అందులో ఒక మామిడిచెట్టు. మా అమ్మమ్మ వేసిన చెట్టు. ఆ టెంక విశాఖపట్నం నుంచి ఓడలో వచ్చిందని మావయ్య అనేవాడు. ఓడా లేదు, పాడూ లేదు, నది అవతల డలా సంతలో కొన్న కాయ తిని టెంక దొడ్లోకి విసిరేసిందని అమ్మ అనేది. అన్నాచెల్లెళ్ళు ఈ విషయం మీద నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ వాదించుకుంటూనే ఉన్నారు, తీర్పు చెప్పగలిగిన మా అమ్మమ్మ అప్పటికే లేదు. పండు మాత్రం ఏ దేశానిదైనా ఒకటే, పీచు ఎక్కువ, తీపి తక్కువ. పచ్చడికి తప్ప ఎందుకూ పనికిరాదు. కానీ ఊరగాయ వేస్తే ముక్క ఏడాది తిరిగినా మెత్తబడేది కాదు. మా సందులో ఉన్న తెలుగు ఇళ్ళన్నిటికీ, చర్చికి వెళ్ళేవాళ్ళతో సహా, ఆ కాయలే వెళ్ళేవి.

మా అమ్మమ్మకి ఒక పద్ధతి ఉండేదట. కాయలు కోసినా, మునగాకు దూసినా, పూలు తెంపినా, చిటారున ఒక్కటి ఉంచెయ్యాలి. అది చెట్టు వాటా. ఇల్లు ఊడ్చేసినట్టు చెట్టుని ఖాళీ చెయ్యకూడదు. ఎవరి వాటా వాళ్ళకి వదిలేస్తేనే మరుసటేడు మళ్ళీ చెయ్యి చాచడానికి మొహం ఉంటుందని ఆవిడ ఉద్దేశం. మావయ్య ఆ పద్ధతి మానలేదు. చిటారు కాయ ఎండిపోయి, కాకులు పొడిచి, గాలికి దానంతటది రాలేదాకా దాని జోలికి వెళ్ళేవాడు కాదు. అమ్మకి ఇదంతా చాదస్తంగా ఉండేది. మంచి కాయలన్నీ పైనే ఉంటాయి కదా, మీ చెట్టుకి తెలివి బాగానే ఉందని నవ్వేది.

అమ్మ నవ్వు గురించి ఇక్కడే చెప్పాలి. మా అమ్మ ఎవర్నయినా తిట్టగా నేను వినలేదు. నవ్వేది, అంతే. ఎదుటివాళ్ళ తెలివితక్కువ పని ఒకటి దొరికితే దాన్ని దాచుకుని, పండక్కీ పబ్బానికీ బయటికి తీసి, నలుగురి ముందూ మళ్ళీ కొత్తగా చెప్పి నవ్వేది. అందులో ద్వేషం ఉండదు. కానీ ఒకసారి ఆవిడ నోట పడ్డాక ఆ కథలోంచి ఇక మనకి విడుదల ఉండదు. మా మావయ్య అంతటి మనిషి, డెక్కు మీద నిలబడి టన్నుల బరువులు చేతి సైగతో ఆడించినవాడు, చెల్లెలి నవ్వుకి మాత్రం జంకేవాడు.

ఇంక అసలు సంగతి. మా సందు పల్లం. వానాకాలం వచ్చిందంటే కాలవ నీళ్ళు ఇంట్లోకి వచ్చేవి. బీరువా కింద ఇటుకలు, మంచం కింద ఇటుకలు. ఒక్కో ఏడు ఇటుకల మీద ఇటుకలు. పాయఖానా దొడ్డి చివర. అమ్మకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఆ నీళ్ళల్లో గోడ పట్టుకుని నడుస్తుంటే చూడలేకపోయేదాన్ని. అలాంటి రోజుల్లో ఒక కంట్రాక్టరు వచ్చాడు. స్థలం ఇస్తే తాను ఎత్తుగా మేడ కడతానని, అందులో అన్నకొకటి, చెల్లెలికొకటి ఇళ్ళు ఇస్తానని అన్నాడు. లిఫ్టు కూడా పెడతానన్నాడు. ఊళ్ళో సగం కర్ర ఇళ్ళు అలాగే మేడలయ్యాయి. అమ్మకి ఆశ పుట్టింది. మేడ కట్టాలంటే చెట్టు కొట్టాలి. మావయ్య కుదరదన్నాడు. స్థలం ఇద్దరి పేరా ఉంది, ఇద్దరూ సంతకం పెడితేనే పని జరుగుతుంది. ఎవరి మాటా తప్పు కాదు, అదే వచ్చిన చిక్కు.

పైగా చెట్టు కూడా మావయ్యకి అన్యాయమే చేస్తోంది. అప్పటికి కొన్నేళ్ళుగా పూత నిలవడం లేదు. పూత నిండుగా వచ్చేది, వెంటనే తేనెమంచు పురుగు పట్టేది. ఆకుల మీద జిగురు, జిగురు మీద నల్లటి మసి. చెట్టు కింద నిలబడితే చినుకుల్లా మీద పడేది. చివరికి పూత మాడి రాలిపోయేది. ఒక ఏడు మందు కొట్టించాడు. పురుగుకి ఏమైందో తెలియదుగానీ అమ్మకి దగ్గు పట్టుకుని నెల రోజులు వదల్లేదు. కాయని చెట్టు కోసం మనుషులు నీళ్ళల్లో ఈదాలా అని అమ్మ అడిగితే మావయ్య లేచి దొడ్లోకి వెళ్ళిపోయేవాడు. చివరికి ఒకరోజు టీ తాగుతూ వాళ్ళిద్దరే ఒప్పందానికి వచ్చారు. అమ్మే అంది.

"అన్నియ్యా, ఈ యేడు పూత నిలిస్తే నాను కంట్రాక్టరు మాటెత్తను. నిలవలేదో, నువ్వు సెట్టు మాటెత్తకూడదు."

మావయ్య గ్లాసులో మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేసి సరేనన్నాడు.

చీమల ఆలోచన అప్పుడు వచ్చింది. డలాలో మావయ్యతో పాటు పోర్టులో పనిచేసిన బర్మా ఆయన ఒకడు ఉన్నాడు. నేను ఉలే అని పిలిచేదాన్ని. మన చిన్నాన్న వరస మాట అది. ఉలే వాళ్ళ వైపు మామిడితోటల్లో ఎర్రచీమలు గూళ్ళు కట్టిన చెట్లకి ఈ పురుగు పట్టదట. చీమలు వేటాడి తినేస్తాయట. మందులూ మాకులూ అక్కర్లేదు, కాపలాకి చీమలుంటే చాలట. మావయ్యకి ఈ మాట చెవిన పడడమే తరువాయి. కాలవగట్ల మీద అడవిచెట్లకి ఎన్ని గూళ్ళు కావాలంటే అన్ని, వచ్చి తీసుకుపొమ్మని ఉలే అన్నాడు. అప్పుడు కార్తీక మాసం. చెట్టు పూతకి రావడానికి ఇంకా వ్యవధి ఉంది. చీమలు ఈలోగా వచ్చి కుదురుకుంటాయని మావయ్య లెక్క.

పొద్దున్నే పన్సోడాన్ రేవులో పడవ ఎక్కాం. ఇప్పుడంటే వంతెన వచ్చిందిగానీ అప్పుడు డలా వెళ్ళాలంటే పెద్ద పడవే దిక్కు. చలికాలం కదా, నది మీద తెల్లపక్షులు గుంపులుగా తిరుగుతున్నాయి. జనం గాల్లోకి మరమరాలు విసురుతుంటే పట్టుకుంటున్నాయి. మావయ్య వాటి వంక చూడనైనా లేదు. ఆయన ఒళ్ళో రెండు గోనెసంచులు, ఒక పొట్లంలో బూడిద, ఒక కత్తెర. నన్నెందుకు తీసుకెళ్ళాడంటే, ఎవరైనా సైగ చెయ్యాలన్నా చూసేవాళ్ళు ఒకరుండాలి కదా.

ఉలే మమ్మల్ని ఊరి వెనక కాలవగట్టుకి తీసుకువెళ్ళాడు. అక్కడ ఒక పాత కానుగచెట్టు. దాని నిండా గూళ్ళు. ఆకులన్నీ గుత్తిగా చేర్చి తెల్లటి పట్టుదారంతో కుట్టేసినట్టు, ఒక్కోటి కొబ్బరికాయంత. అన్నీ ఒకే చెట్టువి అయి ఉండాలని ఉలే ముందే చెప్పాడు. వేరువేరు చెట్ల చీమలు ఒక సంచిలో పడితే ఒకదాన్నొకటి చంపుకుంటాయట. చల్లపొద్దులో చీమలన్నీ గూట్లోనే మగతగా ఉంటాయి, అదే అదను. ఉలే చేతులకీ కాళ్ళకీ బూడిద రాసుకుని, లుంగీ ఎగ్గట్టుకుని చెట్టెక్కాడు. నేను కింద గోనెసంచి నోరు తెరిచి పట్టుకున్నాను. మావయ్య నాకూ చెట్టుకీ మధ్య నిలబడి, తల పైకెత్తి, చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. హబీసు. కొంచెం ఎడమకి. చాలు. ఆరియా, ఆరియా. గూడు ఉన్న కొమ్మ తాడుకి వేలాడుతూ దిగి నా సంచిలో పడేది. ఎంత మెల్లగా దిగినా కొన్ని చీమలు చేతుల మీదికి పాకేవి. అవి కరిచేది సరే, కరిచిన చోట ఏదో పుల్లటి నీళ్ళు చిమ్మేవి. ఆ మంట చెప్పేది కాదు. నేను గెంతుతుంటే మావయ్య సంచి కదపొద్దని కోప్పడ్డాడు. ఆయన మెడ మీద పాకుతున్నవాటిని మాత్రం తుడుచుకోలేదు. రెండు చేతులూ సైగల్లో ఉన్నాయి మరి.

రెండు సంచులూ నిండాయి. చిటారు కొమ్మకి ఒక గూడు మిగిలింది. చిన్నది, గట్టిగా బిగించి కట్టినట్టున్నది. ఉలే దాని వైపు చెయ్యి చాచాడు. మావయ్య అరచెయ్యి అడ్డంగా పెట్టి ఆపేశాడు. ఉలే అక్కణ్ణుంచే ఏదో అన్నాడు, తీసెయ్యనా అనే అర్థంలో. వద్దని మావయ్య మళ్ళీ చెయ్యి ఊపాడు. నేను ఎందుకని అడగలేదు. మా ఇంట్లో పుట్టినవాళ్ళెవరికీ ఆ ప్రశ్న రాదు. ఉలే దిగి వచ్చాడు. ముప్పై ఏళ్ళు ఆ చేతి సైగకి ఎదురు చెప్పకుండా పనిచేసినవాడు కదా.

తిరుగు పడవలో సంచుల కుట్లలోంచి చీమలు ఒకటీ అరా బయటికి వస్తూనే ఉన్నాయి. మా చుట్టూ బెంచీలు ఖాళీ అయిపోయాయి. కౌజుగుడ్లు అమ్ముకునే ముసలావిడ మాత్రం కదలకుండా, వీటిని వేయించకూడదు, పచ్చివే రోట్లో కొద్దిగా నలిపి పెట్టాలని వండే పద్ధతి చెప్పడం మొదలుపెట్టింది. మావయ్య నొచ్చుకున్నాడు. ఇవి తినడానికి కావమ్మా, ఉద్యోగానికి తీసుకెళ్తున్నామని ఆమెతో బర్మా భాషలో గంభీరంగా అన్నాడు. ముసలావిడ నా మొహంలోకి చూసింది. ఆయనకి బాగోలేదా అని అడగబోయి మానేసిందని నాకు తెలిసిపోయింది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. సంచుల వంక, మా ఉబ్బిన చేతుల వంక చూసింది. "మన తాతల్నీ మేస్త్రీలు ఇలాగే తెచ్చేరంట. ఓ ఇంటికాడ ఇద్దర్నీ, ఓ ఇంటికాడ ముగ్గుర్నీ," అని, ఊళ్ళల్లో కూలీల్ని పోగేసి ఓడెక్కించిన మేస్త్రీల్ని తలుచుకుంది. నవ్వలేదు గానీ, నవ్వుకి కావలసిన సరంజామా సిద్ధం చేసుకుంటున్నట్టు కనిపించింది. మావయ్య సంచుల్ని మామిడికొమ్మలకి కట్టి మూతులు విప్పాడు. కొమ్మకీ కొమ్మకీ మధ్య తాళ్ళు కట్టాడు. చెట్టు మొదట్లో పాత నూనెగుడ్డ చుట్టాడు, కిందనుంచి నల్లచీమలు ఎక్కి గొడవపడకుండా. సాయంత్రానికల్లా మామిడాకులు ఒకదాని పక్కకి ఒకటి జరగడం మొదలైంది. చీమలు బారుగా నిలబడి ఆకు అంచులు లాగి పట్టుకుంటే, మిగతావి తెల్లటి పురుగుపిల్లల్ని నోట కరచుకుని అటూ ఇటూ తిప్పుతూ దారంతో కుడుతున్నాయి. మావయ్య కుర్చీ వేసుకుని చీకటి పడేదాకా చూశాడు. ఆయన అంత సంతోషంగా ఉండడం నేను అంతకుముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు.

ఆ తర్వాత భోజనం సమస్య వచ్చింది. చీమలకి చేప తలలు కట్టాలని ఉలే చెప్పాడు. కొత్త చోట కుదురుకునేదాకా మేత చూపించాలి. కార్తీకంలో నీచు గుమ్మం దాటి రావడానికి వీల్లేదని అమ్మ ఖచ్చితంగా చెప్పేసింది. దొడ్డి గుమ్మం అవతల ఉందని మావయ్య వాదించాడు. దొడ్డీ ఇంట్లోదేనని, లేకపోతే కంట్రాక్టరు దానికి ఇల్లెందుకు ఇస్తాడని అమ్మ అంది. అందుచేత మా చీమలు కూడా మాతో పాటే కార్తీక నియమం పాటించాయి. బెల్లం ముక్క, కొబ్బరి కోరు. అవి కొమ్మల మీద బొద్దింకల్ని పట్టుకుని వాటి తిండి అవి చూసుకునేవి, అది వేరే సంగతి. అమ్మ ఆరేసిన బట్టల తాడు మీద నడిచేవి, దుప్పటి మడతల్లో దూరేవి, అమ్మని రెండుసార్లు కరిచాయి. అమ్మ దుప్పటి దులిపి మళ్ళీ ఆరేసేది. మాసం వెళ్ళిన మర్నాడు నేను పొద్దున్న లేచి దొడ్లోకి వెళ్తే, అమ్మ మోకాలి మీద చెయ్యి వేసుకుని వంగి, చెట్టు మొదట్లో చిన్న చిప్పలో ఎండురొయ్యల పొట్టు పోస్తోంది. నన్ను చూసి, పాడైపోతాయని పారేస్తున్నానంది. ఆ రోజు నుంచీ రోజూ ఏదో ఒకటి పాడైపోతూనే ఉండేది.

పూత వచ్చింది. ఆ యేడు వచ్చినంత పూత ఎప్పుడూ రాలేదు. మొదట్లో పురుగు కనిపించలేదు కూడా. మావయ్య మనిషి రోజురోజుకీ పొడుగవుతున్నట్టు నడిచేవాడు. కానీ పుష్యం వెళ్ళేసరికి తాళ్ళ మీద చీమల బారు పలచబడింది. కుట్టిన గూళ్ళు ఎండి గోధుమరంగుకి తిరిగాయి, కొత్తవి పుట్టలేదు. తెల్లటి పురుగుపిల్లలు లేకపోతే కుట్టడానికి దారం ఎక్కడిది? ఉన్న చీమలు కూడా ముసలివాళ్ళలా మెల్లగా నడిచేవి. ఒకరోజు మావయ్య చెట్టు కింద నిలబడి ఉండగా ఆయన భుజం మీద జిగట చుక్క పడింది. వేలితో ముట్టుకుని వాసన చూశాడు. మర్నాడు పొద్దున్న మళ్ళీ డలా వెళ్దామన్నాడు.

ఉలే అంతా విన్నాడు. మమ్మల్ని కాలవగట్టుకి తీసుకెళ్ళి కానుగచెట్టు కింద నిలబెట్టి, వేలు పైకి చూపించాడు. మేము వదిలేసిన గూటి చుట్టూ మరో రెండు మూడు చిన్న గూళ్ళు, లేత పచ్చగా, కొత్తగా కుట్టినవి. చీమలన్నిటికీ తల్లి ఒక్కతే ఉంటుంది, చిటారున బిగించి కట్టిన గూట్లో ఉంటుందని అప్పుడు చెప్పాడు. తల్లి లేకపోతే మిగతావి ఉన్నన్నాళ్ళు పనిచేసి అయిపోతాయి. ఆ రోజే ఎందుకు చెప్పలేదని నేను అడిగాను. మీ మావయ్యకి తెలిసే వదిలేస్తున్నాడనుకున్నాను, అంత ధీమాగా చెయ్యి ఊపాడు కదా అన్నాడు. అని, ఇప్పటికైనా మించిపోలేదు, తీసిస్తానని లుంగీ ఎగ్గట్టుకున్నాడు.

ఆ ఏటి పూతకి అది ఎలాగూ అందదు. అది మా ముగ్గురికీ తెలుసు. కానీ తల్లి దొరికితే వచ్చే ఏటికి చెట్టు నిలబడుతుంది. ఫలానా పొరపాటు జరిగింది, ఇంకొక్క ఏడాది చూడమని అడిగితే అమ్మ కాదనే మనిషి కాదు. నేను ఇదంతా ఆ కాసేపట్లోనే ఆలోచించేసుకుని, సంచి కూడా విప్పాను. మావయ్య తల పైకెత్తి అలాగే చూస్తున్నాడు. తర్వాత అరచెయ్యి అడ్డంగా పెట్టాడు.

"మావయ్యా, ఒక్క గూడే కదా" అన్నాను.

"ఇచ్చీసింది మళ్ళీ ఎలాగడుగుతాం పాపా?"

నేను సంచి మడిచేశాను. ఉలే ఇద్దరి మొహాలూ చూసి లుంగీ దించుకున్నాడు. రేవులో పడవ దిగబోయే ముందు మావయ్య, "మీ అమ్మకి సెప్పకు. నవ్వుద్ది," అన్నాడు. నేను చెప్పనని మాటిచ్చాను. అన్నాచెల్లెళ్ళ మధ్య పుట్టి పెరిగిన ఆ హాస్యంలోకి నేను వెళ్ళకూడదనుకున్నాను. మాట ఆయనది, చెప్పుకుంటే ఆయనే చెప్పుకోవాలి.

పూత మొత్తం నల్లబడి రాలిపోయింది. ఎండలు ముదరకముందే ఇద్దరూ సంతకాలు పెట్టారు. చెట్టు కొట్టే రోజున అమ్మ తెల్లవారగానే బజారుకి వెళ్తున్నానని చెప్పి, పొద్దు వాలేదాకా ఇంటికి రాలేదు. చేతిలో రెండు నిమ్మకాయలు తప్ప ఏమీ లేవు. మావయ్య మాత్రం అక్కడే ఉన్నాడు. పెద్ద కొమ్మలు పక్కింటి రేకుల మీద పడితే ప్రమాదమని పనివాళ్ళు తాళ్ళు కట్టి దించుతుంటే, ఈయన దొడ్డి మధ్యలో నిలబడి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు. ఎవరూ అడగలేదు. మొదట వాళ్ళు నవ్వుకున్నారు. కాసేపటికి ఆ చెయ్యి చూసే తాడు వదలడం మొదలుపెట్టారు. ఆరియా, ఆరియా. వాళ్ళమ్మ వేసిన చెట్టుని ఒక్కో కొమ్మే, పక్కింటివాళ్ళ రేకు ఒక్కటి కూడా చెక్కు చెదరకుండా కిందికి దించాడు.

మేడ లేచింది. నాలుగో అంతస్తులో ఎదురెదురు గుమ్మాలు, ఒకటి మాది, ఒకటి ఆయనది. లిఫ్టు కరెంటు ఉన్నప్పుడు పనిచేస్తుంది, అంటే అదృష్టం ఉన్నప్పుడు. అయినా వానాకాలం నీళ్ళు రావు, అమ్మ పడకగది పక్కనే పాయఖానా. ఆవిడ సుఖపడింది, ఆ మాట కాదనను. మావయ్య రోజూ సాయంత్రం టీకి మా ఇంటికి వచ్చేవాడు. అమ్మ ఆ చీమల కథ వదల్లేదు. ఎవరు వచ్చినా, కొత్తవాళ్ళయితే మరీనూ, "మా యన్నియ్య సీమల్ని పన్లో ఎట్టేడు. జీతం సాల్లేదని మానీసి ఎళ్ళిపోనాయి," అని మొదలుపెట్టేది. గోనెసంచులు, కౌజుగుడ్ల ముసలావిడ, కార్తీక ఉపవాసం, అన్నీ వరసగా వచ్చేవి. ఎండురొయ్యల సంగతి మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. మావయ్య అందరితో పాటే నవ్వేవాడు. ఒక్కోసారి ఆవిడ మరిచిపోయిన ముక్క తనే అందించేవాడు. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

పోయిన వానల్లో ఆయన పోయాడు. పెద్దగా బాధపడలేదు. జ్వరమన్నాడు, తగ్గిందన్నాడు, మర్నాడు లేడు. పెద్దకర్మ రోజున వచ్చినవాళ్ళందరూ భోజనాలు చేసి, ఆయన మంచితనం గురించి నాలుగు మాటలు అనుకుని, అక్కడితో మాటలు అయిపోయి కూర్చున్నారు. అప్పుడు అమ్మ, కళ్ళు తుడుచుకుంటూనే, చీమల కథ అందుకుంది. జీతం దాకా వచ్చింది. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది, ఆ నవ్వు మధ్యలో ఏడుపు వచ్చి ఆగిపోయింది. వాళ్ళు వెళ్ళిపోయాక, విస్తళ్ళు తీస్తుంటే నాకు ఇక మనసు ఊరుకోలేదు. చిటారు గూడు సంగతి, రెండోసారి డలా వెళ్ళిన సంగతి, ఉలే లుంగీ ఎగ్గట్టుకోవడం, ఆయన చెయ్యి అడ్డం పెట్టడం, మొత్తం చెప్పేశాను.

అమ్మ నా చేతిలో విస్తరి అందుకుని పక్కన పెట్టింది. ఆ చిటారు గూళ్ళు ఆకుపచ్చగానే ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను.

"నాను నవ్వుతాననీసేడా?"

"అన్నాడమ్మా."

ఎదురుగా ఆయన గుమ్మం తలుపు మూసి ఉంది. దాని వంకే చూస్తూ, "నవ్వుదునే. నవ్వీసి, సంతకం మానీదును," అంది.

మానేదా? మోకాళ్ళు అలాగే ఉండేవి, కాలవ అలాగే పొంగేది. నాకు నిజంగా తెలియదు. కానీ ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఇప్పుడు ఎవరైనా వస్తే ఆ కథ చెప్పడం మానేసింది. నేను బజారులో చీమల్ని చూసిన సంగతి కూడా ఆవిడతో అనలేదు, కొత్తిమీర మరిచిపోయానని మాత్రం చెప్పాను. ఇంకొక్క ఏడాది అనేది అడిగినవాళ్ళకే దొరుకుతుంది. మా మావయ్య సిగ్గుపడి అడగలేదు, మా అమ్మ తెలియక ఇవ్వలేదు. ఆ ఏడాది ఇద్దరిలో ఎవరి చేతుల్లోనూ పడకుండానే వెళ్ళిపోయింది.